బారు వెనక గుమ్మం దగ్గర పోగయ్యే చెత్త, లోపల కాలే కరెంటు: ఎక్కడ మొదలుపెట్టాలి?

సిరిపురం_కౌంటర్
విశాఖపట్నం సిరిపురం దగ్గర ఒక బార్ అండ్ రెస్టారెంట్‌లో ఆరేళ్లుగా మేనేజర్‌ని. 2022 జులైలో దేశమంతా ప్లాస్టిక్ స్ట్రాలు, స్టిర్రర్లు బ్యాన్ అయినప్పుడే తీసేశాం. డిస్పోజబుల్ గ్లాసులు లేవు. ముందు హాల్లోంచి చూస్తే మాది శుభ్రమైన బారే. రాత్రి కౌంటర్ మూశాక వెనక గుమ్మం దగ్గర నిలబడితేనే మనసు పాడవుతుంది. పిండేసిన నిమ్మ చెక్కలు, చికెన్ ఎముకలు, టిష్యూలు, సగం తాగి వదిలేసిన అరలీటరు నీళ్ల బాటిళ్లు, పగిలిన గాజు అన్నీ ఒకే నల్ల కవర్లో ముద్దగా ఉంటాయి. పోయిన శనివారం ఆ కవర్ ఎత్తబోయి మా దగ్గర క్లీనింగ్ చేసే ఆవిడ అరచెయ్యి కోసుకుంది. క్వార్టర్ సీసా మూతి ముక్క. నాలుగు కుట్లు పడ్డాయి. మర్నాడు కట్టుతోనే డ్యూటీకి వచ్చింది.

ఆ చెయ్యి చూశాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఓనరు మంచివాడే కానీ పెద్ద ఖర్చంటే వెనక్కి తగ్గుతాడు. చెత్త, కరెంటు, నీళ్లు, ఈ మూడింట్లో ముందు దేని మీద పడాలి? బార్లలో పనిచేసినవాళ్లు, ఆ చుట్టుపక్కల వ్యాపారాల్లో ఉన్నవాళ్లు చెప్పండి.

ఎంవీపీ_డబుల్‌రోడ్
ముందు ఆవిడకి మందపాటి తోలు గ్లౌజులు కొనండి. మిగతావన్నీ తర్వాత.

సిరిపురం_కౌంటర్
మర్నాడే కొన్నాం. అయినా అసలు గాజు ఆ కవర్లోకి ఎందుకు రావాలి అన్నదే నా బాధ.

జాలరిపేట_కుర్రోడు
మీ కవర్లో గాజు మీకు కనబడింది. మా ఇసకలో గాజు ఎవరికీ కనబడదు. మా నాన్న అలివి వల లాగినప్పుడు చేపలతో పాటు సీసాలూ వస్తాయి. పగిలిన సీసా అయితే వల తెగుతుంది, లేదంటే కాలు తెగుతుంది. అవి బార్ల నుంచి వచ్చినవి కావు, నాకు తెలుసు. షాపులో కొనుక్కొచ్చి రాళ్ల మీద కూర్చుని తాగేవాళ్ల పని. కానీ ఖాళీ సీసా వెనక్కిస్తే పది రూపాయలు వస్తాయంటే ఏ మనిషైనా దాన్ని రాయికేసి కొడతాడేటి? చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది కూడా ఈ ఇసకలోకే గురూ.

ఉదయం_వాకర్
జాలరిపేట తమ్ముడు చెప్పిన పది రూపాయల పద్ధతి పక్క రాష్ట్రం తమిళనాడులో నడుస్తోంది. మద్రాసు హైకోర్టు చెప్పాక 2022లో నీలగిరి జిల్లాలో మొదలైంది. టాస్మాక్ అనే ప్రభుత్వ మద్యం షాపులో సీసా మీద 10 రూపాయలు ఎక్కువ తీసుకుంటారు, ఖాళీది తెచ్చిస్తే తిరిగి ఇచ్చేస్తారు. కొండల్లో పారేసిన గాజు ఏనుగుల కాళ్లలో గుచ్చుకుంటోందన్న బాధతోనే ఆ కేసు నడిచింది. తర్వాత వేరే జిల్లాలకీ తీసుకెళ్లారు. అక్కడ అమ్మేది ప్రభుత్వ సంస్థ ఒక్కటే కాబట్టి ఒక్క ఆర్డరుతో సరిపోయింది. మన దగ్గర 2024 అక్టోబరు నుంచి షాపులు మళ్లీ ప్రైవేటు చేతిలో ఉన్నాయి. ఇక్కడ చెయ్యలేమని కాదు, చాలామందిని ఒప్పించాలి.

మద్యం_మాన్పిద్దాం
బారు ఉన్నంతకాలం చెత్త ఉంటుంది. తాగుడే మానితే సీసా ఉండదు, ఎముక ఉండదు, ఏసీ ఉండదు. దీనికి ఇంత చర్చ ఎందుకు?

ఎంవీపీ_డబుల్‌రోడ్
@మద్యం_మాన్పిద్దాం మీ మాట మీద నాకు గౌరవం ఉంది. మా ఇంట్లోనూ తాగుడు వల్ల పోయినవాళ్లున్నారు. కానీ ఈ రాత్రి కూడా ఆ బారు తెరిచే ఉంటుంది, ఆవిడ ఆ కవరు ఎత్తాల్సిందే. ఆ చెయ్యి గురించి మాట్లాడుకుంటున్నాం.

గాజువాక_పాతసీసాలు
మా నాన్నగారి కాలం నుంచి మాది ఖాళీ సీసాల వ్యాపారం. మేనేజర్‌గారూ, మీరు చెత్త అంటున్నదాంట్లో సగం బరువు నా లెక్కలో సరుకు. దాన్ని మీరే చెత్త చేస్తున్నారు.

బీరు సీసా సంగతి తీసుకోండి. 650 ఎంఎల్ సీసా మూతి చిట్లకుండా, నిలబెట్టి, కేసులో వస్తే అది తిరిగి బ్రూవరీకి పోతుంది. అక్కడ వేడి కాస్టిక్ సోడా నీళ్లలో కడిగి, చిట్లినవి తీసేసి మళ్లీ నింపుతారు. మీ చేతిలో ఉన్న సీసాని ఒకసారి లైటుకి పెట్టి చూడండి. భుజం దగ్గరా అడుగునా చుట్టూ తెల్లగా గీసుకుపోయిన గీత ఉంటుంది. పక్క సీసాలతో రాసుకుని రాసుకుని వచ్చిన గీత అది. ఆ గీత ఎంత మందంగా ఉంటే ఆ సీసా అంత ఊరు తిరిగిందన్నమాట. నున్నగా మెరుస్తుంటే కొత్తది. మా నాన్నగారు నాకు మొదట నేర్పింది ఇదే.

క్వార్టర్లు, ఫుల్‌లు ఎక్కువ భాగం మళ్లీ నింపడానికి వెళ్లవు. ముక్క చేసి గాజు ఫ్యాక్టరీకి పంపుతాం. అక్కడ కొలిమి 1500 డిగ్రీల దాకా కాలుతుంది. కొత్త ఇసక, సోడా యాష్ బదులు పాత గాజు ప్రతి 10 శాతం కలిపినప్పుడల్లా ఇంధనం రెండున్నర, మూడు శాతం దాకా తగ్గుతుంది. అందుకే వాళ్లు కొంటారు, అందుకే నేను మీ దగ్గర కొంటాను. అయితే తెల్ల గాజు, గోధుమ రంగు, పచ్చ రంగు వేరుగా ఉండాలి. పింగాణీ ప్లేటు ముక్క ఒక్కటి కూడా కలవకూడదు. అది ఆ వేడికి కరగదు, కొత్త సీసా గోడలో రాయిలా ఉండిపోతుంది, సీసా అక్కడే పగులుతుంది. మీరు పంపే నల్ల కవర్లో నిమ్మ చెక్క, ఎముక, పింగాణీ, గాజు కలిసి ఉంటే నేనూ తీసుకోను, ఇంకెవరూ తీసుకోరు. అది నేరుగా కాపులుప్పాడ చెత్త యార్డుకే.

సిరిపురం_కౌంటర్
ఆరేళ్లలో రోజూ వందల సీసాలు ముట్టుకున్నాను. ఆ గీత ఏంటో ఇవాళే తెలిసింది. ఇప్పుడే వెళ్లి చూశాను, పది సీసాల్లో ఏడింటికి ఉంది.

రిటైర్డ్_గుమాస్తా
ఒక జాగ్రత్త. ఖరీదైన బ్రాండ్ సీసాలు చెక్కుచెదరకుండా బయటికి పోతే వాటిలో నకిలీ సరుకు నింపి అమ్మేవాళ్లుంటారు. అందుకే చాలా బార్లలో వాటిని పగలగొట్టి పారేయమంటారు. గాజు వెనక్కి పంపడం మంచిదే, మనిషి ప్రాణం అంతకంటే ముఖ్యం.

గాజువాక_పాతసీసాలు
@రిటైర్డ్_గుమాస్తా మీరు చెప్పింది నూటికి నూరు నిజం. పగలగొట్టమనే నేనూ అంటాను, ఎక్కడ పగలగొట్టాలన్నదే తేడా. నేల మీద, కవర్లో కాదు. మూత ఉన్న ఇనప డ్రమ్ములో వేసి కొట్టాలి. లేబుల్ ముందే గీకెయ్యాలి, మూతలు వేరే డబ్బాలో వెయ్యాలి. సీసా, మూత, అట్టపెట్టె మూడూ కలిపి మామూలుకంటే ఎక్కువ ధర ఇస్తానని ఎవరైనా వస్తే వాడికి మాత్రం ఇవ్వకండి. మంచి పనికి అలా ఎవరూ అడగరు.

ఉప్పుగాలి_మెకానిక్
చెత్త గురించి అందరూ చెబుతున్నారు, నేను కరెంటు చెబుతాను. బీచ్ రోడ్డు నుంచి పెదవాల్తేరు దాకా హోటళ్లు, బార్లలో ఫ్రిజ్‌లు, ఏసీలు రిపేరు చేస్తాను. మన ఊళ్లో ఏసీలకి పెద్ద శత్రువు వయసు కాదు, ఉప్పు. పోయిన నెల ఒక బారు డాబా మీద అవుట్‌డోర్ యూనిట్ విప్పాను. కాయిల్ మీద అల్యూమినియం రెక్కలు వేలితో ముట్టుకుంటే రస్కులా పొడి రాలాయి. వాటి మధ్య కింద కిచెన్ ఎగ్జాస్ట్ నుంచి వచ్చిన నూనె, దాని మీద దుమ్ము, దాని మీద ఉప్పు. గాలి దూరే సందు లేదు. కంప్రెసర్ పాపం ఆగకుండా తిరుగుతోంది. ఓనరు చల్లదనం చాలట్లేదని 18కి పెట్టించాడు. 18కి పెడితే కంప్రెసర్ ఇంకా ఎక్కువసేపు కొట్టుకుంటుంది తప్ప హాలు చల్లబడదు.

పెద్ద ఖర్చు లేకుండా చెయ్యగలిగేవి చెబుతాను. నెలకోసారి కాయిల్‌ని మంచి నీళ్లతో, తక్కువ ప్రెషర్‌తో కడగండి. కిచెన్ ఎగ్జాస్ట్ మూతిని యూనిట్ల వైపు నుంచి తిప్పేయండి. బీరు ఫ్రిజ్ తలుపు మధ్యలో ఒక పదిరూపాయల నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చిందంటే రబ్బరు పోయినట్టే. ఆ రబ్బరు గ్యాస్కెట్ మార్చడం చిన్న ఖర్చు. ఫ్రిజ్‌ని గోడకి ఆనించకుండా జానెడు ముందుకి జరపండి. ఇవన్నీ చేశాకే కొత్త మిషన్ గురించి ఆలోచించండి.

ఏసీ 24కి పెట్టండి. 2020 నుంచి కొత్త స్టార్ రేటింగ్ ఏసీలు ఆన్ చేయగానే 24లోనే మొదలవ్వాలని రూలు తెచ్చారు. ఒక డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని ఆ రూలు తెచ్చిన కేంద్ర విద్యుత్ పొదుపు సంస్థ బీఈఈ వాళ్లే చెబుతారు.

శనివారం_కస్టమర్
24 అంటే మే నెలలో కష్టం అన్నా. ఈ ఊరి చెమట వేరు. బయట నుంచి తడిసి ముద్దై వస్తాం, లోపల కూడా చెమటే అయితే పక్క బారుకి పోతాం.

ఉప్పుగాలి_మెకానిక్
@శనివారం_కస్టమర్ తమ్ముడూ, మనకి ఇబ్బంది వేడి ఒక్కటే కాదు, తేమ. కాయిల్ శుభ్రంగా ఉంటే ఏసీ తేమ లాగేస్తుంది, 24లోనే హాయిగా ఉంటుంది. పైన ఫ్యాన్ మెల్లగా తిరగాలి, తలుపుకి డోర్ క్లోజర్ ఉండాలి. ఎక్కడైనా బారు తలుపు చూడు, సగం తెరిచే ఉంటుంది.

శనివారం_కస్టమర్
నిజమే, మేం వెళ్లే దగ్గర తలుపుకి ఇటుక అడ్డం పెడతారు. ఈసారి నేనే తీసేస్తా.

ఫిజిక్స్_మేడమ్
ఐస్ మీద ఒక లెక్క. 30 డిగ్రీల నీళ్లు ఒక కిలో తీసుకుంటే సున్నాకి దించడానికి సుమారు 125 కిలోజౌళ్ల వేడి తీయాలి. ఆ సున్నా డిగ్రీల నీటిని గడ్డగా మార్చడానికి ఇంకో 334. అంటే నాలుగింట మూడొంతుల కష్టం గడ్డ కట్టించడంలోనే ఉంది. టేబుల్ మీద బకెట్లో సగం ఐస్ మిగిలిపోయి సింకులో పోస్తున్నారంటే ఆ కష్టమంతా డ్రైనేజీలో పోసినట్టే. చిన్న బకెట్ పెట్టి, అడిగితే మళ్లీ ఇవ్వడం మంచిది. బీరు బాగా చల్లగా ఉన్న టేబుల్‌కి ఐస్ బకెట్ అసలు అక్కర్లేదు.

సిరిపురం_కౌంటర్
మేడమ్, మా సప్లయర్లు టేబుల్ మీద నీళ్ల బాటిల్, ఐస్ బకెట్ అడగకుండానే పెడతారు. అదే మర్యాద అనుకుంటున్నాం ఇన్నాళ్లూ.

ఫిజిక్స్_మేడమ్
మర్యాద మానొద్దు. నీళ్లు గాజు జగ్గులో ఇవ్వండి. ముందు మీ ట్యాంకు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు, కొలిపించండి. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు. రిజర్వాయర్ నీళ్లు వస్తూ, టీడీఎస్ తక్కువుంటే ఆర్ఓ అక్కర్లేదు, మంచి ఫిల్టరు, యూవీ చాలు. ఆర్ఓ అయితే లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు వృథాగా పోతాయి. బోరు ఉప్పగా ఉండి తప్పదంటే ఆ నీళ్లని డ్రమ్ములో పట్టి నేల తుడవడానికీ బాత్రూముకీ వాడండి.

నిమ్మచెక్క
బార్టెండర్‌ని. గోవా, బెంగళూరు తిరిగి ఇప్పుడు రుషికొండ వైపు పనిచేస్తున్నాను. ఈ చర్చలో నిమ్మకాయ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను.

శనివారం రాత్రి మా కౌంటర్లో నూట ఇరవై నిమ్మకాయల దాకా తెగుతాయి. రసం తీసుకుని తొక్క పారేస్తాం. నిమ్మకాయ పరిమళమంతా ఆ తొక్కలోనే ఉందని అందరికీ తెలుసు, అయినా పారేస్తాం. కోసేముందే పైపైన పచ్చ తొక్క చెక్కండి. చక్కెర కలిపి మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి చక్కెర తడిసి, లేతపచ్చ నూనె ఊరి ఉంటుంది. ఆ వాసనకి కిచెన్‌లో వాళ్లు కూడా వచ్చి చూస్తారు. దాన్ని సోడాలో వేసిస్తే మందు తాగనివాళ్లకి అద్భుతమైన డ్రింకు. ఇంకో పద్ధతిలో తొక్కకి సిట్రిక్, మాలిక్ యాసిడ్ పట్టించి, నీళ్లతో మిక్సీ వేసి వడకట్టి, ఆ కాయల రసమే కలుపుతారు. అవే కాయలకి చాలా రెట్లు రసం వస్తుంది. గ్లాసు అంచున పెట్టే చక్రం ముక్క మాత్రం మానేశాను. ఎవరూ తినరు, అలాగే తిరిగొస్తుంది.

లండన్‌లో ర్యాన్ చేటియవర్దన 2013లో వైట్ లయన్ అని ఒక బారు పెట్టాడు. ఐస్ లేదు, నిమ్మకాయ లేదు, పాడయ్యేది ఏదీ లేదు. డ్రింకులన్నీ ముందే కలిపి, చల్లబరిచి, సీసాల్లో పెట్టేవాళ్లు. నేను అది విన్నప్పుడు నమ్మలేదు. మన దగ్గర అంత దూరం వెళ్లలేం, వెళ్లక్కర్లేదు కూడా. ఒక బారు నడిచే పద్ధతి మొత్తం మార్చుకోవచ్చన్న ధైర్యం మాత్రం నాకు అక్కడ నుంచే వచ్చింది.

పూర్ణామార్కెట్_అక్క
తొక్కలు ఇంకా మిగిలితే ఉప్పు, కారం పట్టించి ఊరెయ్యండి తమ్ముడూ. మా అమ్మమ్మ పిండేసిన నిమ్మచెక్క ఒక్కటి పారేసేది కాదు. పెరుగన్నంలోకి దాన్ని మించింది లేదు. మీ స్టాఫ్ భోజనాలకే సరిపోతుంది.

నిమ్మచెక్క
అక్కా, రేపే పెడతాను.

కొత్తవలస_గేదెలు
బీరు అక్కడే కాచే మైక్రోబ్రూవరీ వాళ్లకి ఒక మాట. బీరు తీశాక మిగిలే బార్లీ పిప్పి నేను గేదెలకి తెచ్చుకుంటాను. మంచి మేత. కానీ ముప్పావు వంతు నీళ్లే ఉంటాయి కాబట్టి వేసవిలో మర్నాటికే పులిసిపోతుంది. వండిన రోజే ఫోన్ చేయండి, మేమే డబ్బాలతో వస్తాం. మామూలు బార్ల నుంచి కూరగాయ తొక్కలు, కీరా చివర్లు కూడా తీసుకునేవాణ్ని. ఒకసారి అందులో సీసా ముక్క వచ్చింది. చూసుకోకపోతే ఒక గేదె పోయేది. అప్పటి నుంచి మానేశాను. గాజు వేరుగా పెడతామని మాటిస్తే మళ్లీ వస్తాను.

వేపుడు_మాస్టర్
కిచెన్‌లో మూకుడు సంగతి మర్చిపోకండి. అపోలో ఫిష్, చిల్లీ చికెన్, పల్లీ పకోడీ, రోజంతా ఒకే నూనె. నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టే టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 నుంచి రూలు. దాటిన నూనె సింకులో పోస్తే పైపులో గడ్డకట్టి ఎదురు తంతుంది, కాలువలోకి పోతే చివరికి సముద్రమే. డబ్బాలో పట్టి బయోడీజిల్‌కి సేకరించేవాళ్లకి ఇవ్వండి, కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దానికోసమే 2018లో రూకో అనే పథకం మొదలుపెట్టింది. రోడ్డు పక్క బండి వాళ్లకి మాత్రం అమ్మకండి. ఆ నూనె మళ్లీ మనుషుల కడుపులోకే వెళ్తుంది.

అడ్డాకు_పాడేరు
అందరూ సీసా గురించే మాట్లాడుతున్నారు. కేన్ బీరు సంగతి? కేన్ అంటే అల్యూమినియం, అల్యూమినియం అంటే బాక్సైట్, బాక్సైట్ అంటే మా కొండలు. చింతపల్లి అడవిలో తవ్వకాలకి 2015లో జీవో 97 వచ్చినప్పుడు మా ఊళ్లలో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. 2019లో అది రద్దయింది. కేన్ కరిగించి మళ్లీ వాడితే, ఖనిజం నుంచి కొత్తగా తీసేదానికంటే 95 శాతం శక్తి మిగులుతుంది. మీ దగ్గర ఒక్క కేన్ కూడా నల్ల కవర్లోకి పోకూడదని అడుగుతున్నాను.

ఇంకోటి. పల్లీలు, బఠాణీలు థర్మోకోల్ కప్పుల్లో పెట్టే బార్లు ఇంకా కనబడుతున్నాయి. అది కూడా బ్యాన్ అయినవాటిలోదే. స్టీలు గిన్నె ఉంటే మంచిది, లేదంటే అడ్డాకు దొన్నె వాడండి. మా ఆడవాళ్లు కుట్టేవే. మా దగ్గర జీలుగు కల్లు ఆనపకాయ బుర్రలో తెస్తారు, ఆకు దొప్పలో తాగుతారు. తాగాక పారేసినా మట్టిలో కలిసేవే అన్నీ.

ఉదయం_వాకర్
దొన్నె అనగానే గోలీ సోడా గుర్తొచ్చింది. మా రోజుల్లో బార్లకి సోడా గాజు సీసాల్లో, చెక్క పెట్టెల్లో వచ్చేది. ఖాళీలు మర్నాడు సోడా కంపెనీ వాళ్లే పట్టుకెళ్లేవాళ్లు. ఇప్పుడు ప్రతి పెగ్గుకీ ఒక ప్లాస్టిక్ సోడా బాటిల్. సగం సోడా గ్యాసు పోయి పారబోస్తారు.

నిమ్మచెక్క
@ఉదయం_వాకర్ సోడా గన్ పెట్టుకుంటే ఆ బాటిళ్లే ఉండవు సార్. సిలిండర్, చల్లటి నీళ్లు చాలు. కొంత పెట్టుబడి కావాలి, సోడా ఎక్కువ పోయే బారులో త్వరగానే రాబట్టుకోవచ్చు.

సిరిపురం_కౌంటర్
రెండు వారాలు ఆగి రాస్తున్నాను. చేసినవి చెబుతాను.

శుక్ర, శని రెండు రాత్రులు నేనూ ఇద్దరు సప్లయర్లూ కూర్చుని చెత్త తూకం వేశాం, కూరగాయల కాటా మీద. నేను ప్లాస్టిక్ ఎక్కువుంటుందనుకున్నాను. బరువులో సగానికి పైగా గాజు. తర్వాత తిండి, నిమ్మ తొక్క. ప్లాస్టిక్ బరువు తక్కువే కానీ చోటంతా అదే ఆక్రమించింది, అందులో దాదాపు అన్నీ నీళ్ల బాటిళ్లే.

గాజువాక అన్నయ్య మంగళవారాలు పొద్దున పదకొండింటికి వస్తున్నారు. బీరు సీసాలు కేసుల్లోనే వెనక్కి పెడుతున్నాం. మిగతావి రంగుల వారీగా మూడు డ్రమ్ములు, కేన్లకి ఒక గోనె. సీసాల డబ్బులు స్టాఫ్‌కే పంచాలని ఓనరుని అడిగాను, ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి ఒక్క సీసా తప్పుడు డబ్బాలో పడట్లేదు. నీళ్లు గాజు జగ్గుల్లో ఇస్తున్నాం. సీల్డ్ బాటిల్ అడిగితేనే. కొందరు ఇప్పటికీ అడుగుతున్నారు, ఇస్తున్నాం. కాయిల్ కడిగించాం, రెండు ఫ్రిజ్‌లకి గ్యాస్కెట్లు మార్చాం. కరెంటు బిల్లు ఇంకా రాలేదు కాబట్టి దాని గురించి ఇప్పుడే చెప్పను. సోడా గన్‌కి ఓనరు ఒప్పుకోలేదు.

కొత్తవలస_గేదెలు
తొక్కల డబ్బాలోకి గాజు పోవట్లేదని మీ మాట మీద నమ్మకంతో వస్తాను. ఒక వారం చూస్తాను.

గాజువాక_పాతసీసాలు
పక్క వీధిలో రెండు బార్లు మీ సంగతి విని నన్ను పిలిచాయి. ఒకే రోజు ముగ్గురూ పెడితే నా ఆటో ఒక్క ట్రిప్పులో తిరుగుతుంది, డీజిల్ మిగులుతుంది. మంగళవారమే అందరికీ ఖాయం చేస్తున్నాను.

ఎంవీపీ_డబుల్‌రోడ్
ఆవిడ చెయ్యి ఎలా ఉంది?

సిరిపురం_కౌంటర్
కుట్లు తీసేశారు. చూపుడు వేలు ఇంకా పూర్తిగా మడవట్లేదు, ఫిజియోథెరపీకి మేమే పంపుతున్నాం. డ్రమ్ములు పెట్టిన రోజు ఎలా ఉందని అడిగితే అంది: "ఎత్తు ఎక్కువైపోనాది బాబూ, నాను సీసా పైనుంచి పడీవాలి, ముక్క ఎగిరి మొకాన పడతాది." మాలో ఎవరికీ తట్టలేదు. నిన్న వెల్డింగ్ షాపులో మూడు డ్రమ్ముల్నీ ఆవిడ నడుం ఎత్తుకి కోయించి, అంచు చుట్టూ పాత సైకిల్ టైరు కట్టించాను.